చండీగఢ్ రాక్ గార్డెన్: ఏరడం ముందు, కట్టడం తర్వాత

సుఖ్నా సరస్సు దగ్గర టికెట్ తీసుకుని లోపలికి అడుగుపెట్టగానే దారి సన్నబడింది. గుమ్మాలు మరీ పొట్టివి, తల వంచక తప్పదు. చండీగఢ్ నగర రూపశిల్పి లె కార్బూజియే గీసిన తిన్నటి వీధుల్లోంచి వచ్చిన మాకు ఆ వంకరటింకర దారే మొదటి వింత. ఆ నగరం కోసం ఇరవైకి పైగా ఊళ్లను ఖాళీ చేయించారు. వాటి శిథిలాలే ఈ తోటకు ముడిసరుకు.

రోడ్ ఇన్‌స్పెక్టర్‌గా పనిచేసిన నేక్‌చంద్ 1957లో ఈ తోట పని రహస్యంగా మొదలుపెట్టారు. అది కట్టడాలకు అనుమతి లేని అటవీ భూమి. 1975 ప్రాంతంలో అధికారుల కంటబడినా కూల్చలేదు. 1976లో జనానికి తెరిచి, ఆయనకే జీతమిచ్చి, యాభై మంది కూలీలను అప్పగించారు. ఇప్పుడది దాదాపు 40 ఎకరాలు.

గాజు ముక్కలు ఒళ్లంతా పొదిగిన బొమ్మలు ఒకచోట, పాత కరెంటు ఫిట్టింగుల గోడ ఇంకోచోట, తారు డ్రమ్ములు మరోచోట. అందరూ కళ అంటారు గానీ, మాకు ముందుగా కనిపించింది సరుకును రకాలవారీగా వేరుచేయడం. ఆయన ఏళ్ల తరబడి పోగుచేసుకున్నాకే కట్టడం మొదలుపెట్టారు. ఒకే రకం సరుకు గుట్టగా ఉంటేనే గోడంతా ఒకే తీరులో వస్తుంది.

పార్కులో బెంచీకో గోడకో ఇలా పింగాణీ ముక్కలు పొదగాలంటే సిమెంటు ఒక పాలు, ఇసుక మూడు పాళ్ల మాలు 12–15 మిల్లీమీటర్ల మందాన పూయాలి. అరగంటలో ముక్కలు పెట్టగలిగినంత మేరకే పూయాలి. ముక్కల్ని ముందే నానబెట్టి, గరుకు వైపు లోపలికి ఉండేలా సగం మందం దాకా నొక్కాలి. పొడి ముక్క మాలులోని నీటిని పీల్చేస్తుంది, వానాకాలం తిరక్కుండానే ఊడుతుంది. తర్వాత వారం రోజులు తడపాలి. గాజుతో ఇంకో చిక్కుంది: సిమెంటులోని క్షారం గాజులోని సిలికాతో కలిసి, తేమ తగిలితే ఉబ్బే జెల్ అవుతుంది. అందుకే గాజు పైపొరకే పరిమితం, కంకరకు బదులు వేస్తే పగుళ్లే. బొమ్మల్లోని ఇనుముపై మాలు పలుచనైతే తుప్పు ఉబ్బి చేతులూ వేళ్లూ ముందు రాలతాయి.

ఊరంతటి శిథిలాలనూ మళ్లీ వాడాలంటే చేతిపని చాలదు. హైదరాబాద్‌లో జీడిమెట్ల, ఫతుల్లగూడ ప్లాంట్లు శిథిలాలను పిండిచేసి కంకర, ఇసుక తీస్తున్నాయి. కాంక్రీటు కంకర, ఇసుకలకు భారత ప్రమాణమైన ఐఎస్ 383:2016 ప్రకారం పాత కాంక్రీటు కంకరను ఇనుము లేని కాంక్రీటులో 25 శాతం, ఎం25 బలం గ్రేడు వరకు ఇనుమున్న కాంక్రీటులో 20 శాతం కలపొచ్చు. ఎం15 కంటే తక్కువ గ్రేడు లీన్ (సిమెంటు తక్కువ వేసే) కాంక్రీటులోనైతే మొత్తం అదే వేయొచ్చు. ఆ కంకరకు అంటుకున్న పాత మాలు నీరు పీల్చుతుంది కాబట్టి తడిపి వాడాలి. ఫాల్స్ సీలింగ్ జిప్సం కలిసిందా, అందులోని సల్ఫేట్ దెబ్బకు కాంక్రీటు ఉబ్బి పగులుతుంది. ట్రాక్టర్‌లో ఇటుక, థర్మాకోల్, కొమ్మలు కలిపి పంపితే ఏ యంత్రమూ దాన్ని బాగుచేయదు. వేరుచేయడం కూల్చేచోటే జరగాలి.

2025లో హైకోర్టు వైపు రోడ్డు వెడల్పు కోసం ఈ తోట గోడలో కొంత భాగాన్ని కూల్చారు. కూల్చిన గోడను మళ్లీ కట్టుబడికి తేవడం తేలిక కాదు. సిమెంటు మాలులో ఒకసారి కూరుకున్న పెంకు మళ్లీ పెంకుగా ఊడిరాదు, కంకరగానే వస్తుంది.