తలుపు తీసే ముందు ఒక్కసారి వెనక్కి చూడండి

ఈ ఉదయం ఆర్కే బీచ్ నుంచి రుషికొండ వైపు సైకిల్ మీద వెళ్తుంటే, రోడ్డు పక్కన ఆగి ఉన్న కారు తలుపు ఒక్కసారిగా తెరుచుకుంది. చటుక్కున కుడివైపు తిప్పాను. ఆ క్షణంలో వెనక ఏ ఆటో, బస్సూ లేకపోవడం నిజంగా అదృష్టం. కారాయన గాభరాగా దిగి "సారీ అండీ, చూసుకోలేదు" అన్నారు. మంచి మనిషే, అందుకే భయం. ఇది ఎవరి వల్లయినా జరగొచ్చు.

మన కార్లలో డ్రైవర్ కూర్చునేది కుడివైపు. రోడ్డుకి ఎడమ పక్కన ఆపితే ఆ తలుపు నేరుగా వచ్చేపోయే బండ్ల మీదకే తెరుచుకుంటుంది. దాన్ని ఎడమ చేత్తో తీసి చూడండి. ఒళ్ళు దానంతటదే కుడికి తిరుగుతుంది, వెనక వచ్చేవాళ్లు కనిపిస్తారు. నెదర్లాండ్స్‌లో ఇది బాగా తెలిసిన అలవాటు.

సబ్‌మెరైన్ మ్యూజియం దగ్గర పిల్లల్ని పట్టుకుని రోడ్డు దాటేవాళ్లని చూస్తే ఇంకా టెన్షన్. జీబ్రా క్రాసింగ్ దగ్గర బండి నెమ్మది చేసి, ఆగి, నడిచేవాళ్లకి దారివ్వాలని 2017 డ్రైవింగ్ నిబంధనల్లోనే ఉంది. స్పీడు రెండింతలైతే బ్రేకు వేశాక బండి ఆగే దూరం దాదాపు నాలుగింతలవుతుంది కదా!

తోటి సైక్లిస్టులకీ ఒక మాట: రాంగ్ సైడ్ వద్దు, చీకట్లో లైటు లేకుండా వద్దు, ఫుట్‌పాత్ మీద పెద్దవాళ్లు నడుస్తుంటే దిగి నడిపించుకెళ్దాం.