ముడి వేసిన కవరు

కార్తీక సోమవారం. నేను అలారం నాలుగున్నరకి పెట్టుకుంటే, నాలుగుంబావుకే అత్తయ్యగారు వంటింట్లో లైటు వేశారు. నేను లేచి వెళ్ళేసరికి ఆవునెయ్యి సీసా, ఒత్తులు, అగ్గిపెట్టె, మార్చుకునే చీరలు అన్నీ సంచిలో సర్దేసి ఉన్నాయి. సంచి పక్కన నేలమీద ఒక నల్ల కవరు. రెండు చెవులూ కలిపి, మళ్ళీ వాటి మీద ఇంకో ముడి.

చూడగానే అర్థమైంది. పది రోజుల నిర్మాల్యం. దానికి ఆనుకుని, చెదపట్టిన వెంకటేశ్వరస్వామి ఫొటో ఒకటి, పాత తువ్వాలులో చుట్టి. దారిలో రావిచెట్టు కింద పెట్టాలట. నేనేం మాట్లాడలేదు. పెళ్ళయి తొమ్మిదేళ్ళు. ఏ విషయం పొద్దున్న ఎత్తకూడదో ఈపాటికి తెలుసు.

ఆటో రాజమండ్రిలో గోదావరి ఒడ్డునున్న కోటిలింగాల రేవు సందు మొదట్లోనే ఆగిపోయింది, అంత జనం. మెట్ల దగ్గర అరటిదొప్పలు అమ్ముతున్నారు. పక్క బల్ల మీద థర్మోకోల్ దొప్పలు కూడా, చుట్టూ వెండి కాగితం అంటించి, మధ్యలో ప్లాస్టిక్ పువ్వుతో. "అవి తడిసి ఒరిగిపోతాయమ్మా, ఇవైతే మునగవు, చాలా దూరం పోతాయి" అన్నాడు అమ్మే కుర్రాడు. అలంకరణ థర్మోకోల్‌ని దేశమంతా నిషేధించింది 2022 జూలై 1న. అతనికి తెలుసో లేదో గానీ, బల్ల మీద దొంతర మాత్రం నిండుగా ఉంది.

దూరం పోతాయన్న మాట మాత్రం నిజం. ఇక్కణ్ణించి కాస్త కిందికి పోతే ధవళేశ్వరం ఆనకట్ట. అక్కడే కాలువలు మొదలవుతాయి. ఆ నీళ్ళే మా పుట్టింటి పక్కగా పారతాయి. కోనసీమలో మా ఊళ్ళో వాళ్ళకి పొలానికీ అదే నీరు, తాగడానికి చెరువులోకి తోడుకునేదీ అదే. ఎండాకాలం కాలువలు కట్టేశాక వంతెన మీద నిలబడి చూస్తే తెలుస్తుంది సంగతి. నీళ్ళున్నంతకాలం పచ్చగా గుర్రపుడెక్క మాత్రమే కనిపిస్తుంది. నీళ్ళు తగ్గాక ఆ డెక్క ఎండిపోయి, దాని వేళ్ళకి చుట్టుకున్న కవర్లు, మందు సీసాలు, థర్మోకోల్ ముక్కలు బయటపడతాయి. చిన్నప్పుడు ఆ అడుగు బురదలో మట్టగిడసల కోసం దిగేవాళ్ళం. ఇప్పుడు పిల్లల్ని దిగనివ్వం, గాజుపెంకులు.

మెట్ల మీద చలి. ఒక్కో మెట్టు దిగుతుంటే అరికాలికి ఏదో అంటుకుంది. తీసి చూస్తే షాంపూ ప్యాకెట్. దాన్ని చేత్తో పట్టుకుని ఎక్కడ వెయ్యాలో తెలియక, ఆఖరికి నా సంచిలోనే వేసుకున్నాను. స్నానం చేసి, దీపం వదిలాం. మా దొప్ప నాలుగు గజాలు వెళ్ళి ఒరిగి ఆరిపోయింది. అత్తయ్యగారు కాస్త చిన్నబుచ్చుకున్నారు. థర్మోకోల్ దీపం ఒకటి దాని పక్కనుంచి దర్జాగా వెళ్ళిపోయింది.

అప్పుడు అన్నారు. "అమ్మాయ్, ఆ నిర్మాల్యం కలిపేసి రా."

కలిపేసి రమ్మన్నారు. మా ఇళ్ళల్లో ఎప్పుడూ అదే మాట. గంగలో కలపాలి, గోదాట్లో కలపాలి. ముడి మీద ముడి వేసిన కవరు ఏ నీళ్ళలో కలుస్తుంది? తేలుతూ పోతుంది, అంతే. మోకాలి లోతులో నిలబడి విప్పబోతే తడిచేతులకి ముడి లొంగలేదు. పళ్ళతో పీకాను.

"అయ్యయ్యో, దేవుడివి ఎంగిలి చేస్తావేంటే!" పైమెట్టు మీంచి అరుపు. నలుగురు తిరిగి చూశారు. సిగ్గేసింది కానీ ముడి ఊడింది.

విప్పితే ఆ వాసన! పది రోజులు గాలాడకుండా కవర్లో ముగ్గిన బంతిపూలు. అడుగున పూలు కానివి బయటపడ్డాయి. కర్పూరం డబ్బా, అగరుబత్తి అట్టపెట్టె లోపలి జిలుగు కాగితం, కుంకం పొట్లం, 365 ఒత్తుల కట్ట మీది ప్లాస్టిక్ తొడుగు. దండలకి పూర్వం అరటినార వాడేవారు, ఇప్పుడది నైలాను దారం. పువ్వులన్నీ కుళ్ళినా ఆ దారం మాత్రం కొత్తగా మెరుస్తోంది. మెట్టు మీద కూర్చుని పూలు ఒక పక్కకి, మిగతావి ఒక పక్కకి ఏరుతున్నాను.

వలగరిటె లాంటి పొడుగు కర్రతో నీళ్ళలోంచి చెత్త లాగుతున్నావిడ నన్నే చూస్తోంది. "పూలు కూడా నీళ్ళలో వద్దమ్మా, అదిగో ఆ డ్రమ్ములో వెయ్యి" అంది. వెళ్ళి చూస్తే డ్రమ్ము నిండా ముడులు వేసిన కవర్లే. "ఇవన్నీ మళ్ళీ మేమే విప్పాలి. మీరు ఇంటి దగ్గర ముడి వెయ్యకపోతే చాలు" అంది, కోపంగా కాదు, ఉప్పు తక్కువైందని చెప్పినట్టు. ఆవిడ చేతులకి గ్లౌజుల్లేవు.

తెల్లారింది. తాడుకి అయస్కాంతం కట్టి ఇద్దరు కుర్రాళ్ళు నీళ్ళలో చిల్లర వెతుకుతున్నారు. రైల్లోంచి జనం వేసిన రూపాయలన్నా మళ్ళీ ఎవరో ఒకరి జేబులోకి చేరతాయి.

తిరిగొచ్చేటప్పుడు రావిచెట్టు దగ్గర ఆటో ఆపించారు అత్తయ్యగారు. చెట్టు చుట్టూ దేవుళ్ళు. లక్ష్మీదేవి, అయ్యప్ప, సాయిబాబా, పగిలిన అద్దాలు, వానకి ఉబ్బిన అట్టలు. ఒక పటం మీద కుక్క పడుకుని ఉంది. ఆవిడ తువ్వాలు మూట పట్టుకుని కాసేపు అలాగే నిలబడి, ఏమీ అనకుండా వచ్చి ఆటో ఎక్కేశారు. మూట ఒళ్ళోనే ఉంది.

కొంతదూరం వచ్చాక, నన్ను కాదన్నట్టు బయటికి చూస్తూ అన్నారు. "మా ఇంట్లో నిర్మాల్యం కొబ్బరిచెట్టు మొదట్లో వేసేవాళ్ళం. తొక్కకూడదని చుట్టూ ఇటుకలు పేర్చేవారు మా నాన్న. ఇక్కడ చెట్టేదీ?"

నిజమే. మూడో అంతస్తులో మాకున్న మట్టంతా తులసి కుండీలోదే.

ఇంత రాసి నేనేదో పెద్ద శుద్ధంగా ఉన్నాననుకోకూడదు. ఇంటికొచ్చి కాఫీకి పాల ప్యాకెట్ కత్తిరించాను. మూల ముక్క ఎప్పట్లాగే సింకులో పడింది. చేతిలో కత్తెర, సింకులో ఆ చిన్న తెల్ల ముక్క. రోజుకి రెండు ప్యాకెట్లు, ఏడాదికి 730 ముక్కలు, ఈ ఇంట్లో అడుగుపెట్టినప్పట్నుంచి లెక్కేస్తే ఆరువేల పైచిలుకు. పూర్తిగా కత్తిరించకుండా సగంలో ఆపితే ముక్క ప్యాకెట్‌కే ఉంటుందన్న సంగతి తెలియంది కాదు. సింకు జాలీలోంచి వేలితో తీసి పడేశాను. అత్తయ్యగారు చూసి ఏమీ అనలేదు. అననందుకు ఇంకా ఇబ్బందిగా అనిపించింది.

సాయంత్రం ఆఫీసు పని ముగించి బాల్కనీలోకి వెళ్తే, పొద్దుటి నల్ల కవరు కడిగి క్లిప్పు పెట్టి తీగకి ఆరేసి ఉంది. ఆవిడకి అలవాటే, కవర్లు కడిగి మడతపెట్టి పరుపు కింద దాస్తారు. దాని కింద గోడకి చేరేసిన స్వామి ఫొటో, తువ్వాలు తీసేసి. అత్తయ్యగారు పీట మీద కూర్చుని దాన్ని వెనక్కి తిప్పి, అట్టకి కొట్టిన చిన్న చిన్న మేకుల్ని గోరుతో కదుపుతున్నారు.

"కాగితం వరకూ ఊడొస్తే కుండీలో కలిపెయ్యొచ్చేమో. అద్దం మళ్ళీ దేనికైనా పనికొస్తుంది" అన్నారు. "వాడొచ్చాక పట్టకారు ఎక్కడ పెట్టాడో అడుగు."