ఎర్రసిరా మాస్టారి కథల లెక్క

మా బడి పూర్వ విద్యార్థుల సమ్మేళనం సంచిక కమిటీ వాళ్ళు ఫోన్ చేసి "బడి గురించి రెండు పేజీలు, ఆదివారంలోగా" అన్నారు. ఆరో తరగతి నుంచి ఎనిమిది దాకా ఏం జరిగిందో, మేం దిబ్బరొట్టె అని పిలిచే మా క్లాసువాడు రాస్తాడు, వాడికన్నీ గుర్తే. గోంగూర కట్ట సంగతి ఎవరూ ఎత్తకపోతే మంచిది. నేను మాత్రం మాకు కథ రాయడం నేర్పిన ఎర్రసిరా మాస్టారినీ, కథల పోటీలనీ దాటి పోను.

మాస్టారికి కథంటే ముందు కొలత. ప్రకటనలో "అరఠావు 8 పేజీలకు మించరాదు" అని ఉంటే మాటలు లెక్కపెట్టనిచ్చేవారు కాదు. సంధి కలిపితే రెండు మాటలు ఒకటైపోతాయి, ఆ లెక్క నిలవదు. పంక్తులే లెక్క. పేజీకి 22, పంక్తికి ఏడు మాటల చొప్పున చూస్తే పేజీకి 150, మొత్తం 1200. అందులో ముగ్గురికి మించి మనుషులు పట్టరు. చిక్కు మొదటి పేజీలోనే పడాలి. రాము, రమ, రాజు అని పేర్లు పెడితే చదివేవాడు నాలుగో పేజీలో ఎవరు ఎవరో తెలీక వెనక్కి తిప్పుతాడు. కట్టలో ఇంకా వందల కథలున్నవాడు రెండోసారి తిప్పడు.

చిత్తుప్రతి పాత పరీక్ష పేపర్ల వెనక, పెన్సిల్‌తో. తర్వాత పైకి చదవాలి. ఊపిరి అందని చోట వాక్యం తెగ్గొట్టాలి. అప్పుడు దిగేది ఎర్రసిరా. కోడికూతతో, సూర్యోదయంతో మొదలైన పేరా ఎగిరిపోయేది, ఎందుకంటే అది రాసేవాడు చెయ్యి కుదురుకోవడానికి రాసుకున్నది. నీతి చెప్పే చివరి పేరా కూడా అంతే. "అంతా కల" అని ముగించిన కథ చూస్తే మాస్టారికి అప్పు ఎగ్గొట్టినవాణ్ణి చూసినంత కోపం.

యాస దగ్గర ఆయన పద్ధతి నాకిప్పటికీ సరైనదే అనిపిస్తుంది. కథనం మామూలు తెలుగులో, యాస కొటేషన్ల లోపలే. బయట కూడా రాస్తే అక్షరదోషాలనుకుని మార్కులు కోసేవారుంటారు. మొదటి పేజీలో "ఏటి సేస్తన్నావు" అన్న ముసలమ్మ అయిదో పేజీలో "ఏం చేస్తున్నావు" అనకూడదు. అంత దూరం నిలబెట్టలేనివాళ్ళు అసలు మొదలెట్టొద్దనేవారు.

ఉగాది పోటీ అనగానే వేపపువ్వు, సంక్రాంతి అనగానే గొబ్బెమ్మలు. వచ్చే కథల్లో సగం అవే ఉంటాయి కాబట్టి పండగ పోటీకి పండగ లేని కథ పంపమనేవారు. మండలంలో అప్పటికప్పుడు రాయించే పోటీలకి వేరే లెక్క. గంట టైమిస్తే పది నిమిషాలు కలం ముట్టకూడదు, ముగింపు వాక్యం ముందే ఒక మూల రాసిపెట్టుకోవాలి, ఆఖరి పావుగంట దిద్దుబాటుకే. ముగింపు తెలీకుండా మొదలెట్టినవాడికి బెల్లు కొట్టేవేళకి కథ ఇంకా బస్టాండులోనే ఉంటుంది.

1997లో శ్రీకాకుళంలో కథారచయిత కారా మాస్టారి (కాళీపట్నం రామారావు గారి) తెలుగు కథల గ్రంథాలయం "కథానిలయం" తెరిచాక ఎర్రసిరా మాస్టారు మనవాళ్ళని అక్కడికి తీసికెళ్ళారు. పాత ప్రత్యేక సంచికల్లో బహుమతి కథలు చూసి, ఒక్కోదాని మొదటి వాక్యం, చివరి వాక్యం పక్కపక్కన రాసుకోవడం పని. మధ్యలో మనిషికి ఏమైందో ఆ రెంటినీ బట్టి చెప్పాలి. 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ పోటీలో పాలగుమ్మి పద్మరాజు గారి "గాలివాన"కి రెండో బహుమతి వచ్చిందని ఏటా చెప్పేవారు. మొదటిది ఎవరికండీ అని, మేం బుల్లి హెడ్డు అని పిలిచే కుర్రాడు ఏటా అడిగేవాడు. చాక్‌పీసు ఏటా గురి తప్పేది.

సాఫుప్రతికి బాల్‌పెన్నే. ఇంకు పెన్నుతో నొక్కితే కార్బన్ కింద నకలు పడదు, నకలు లేకపోతే కథ పోయినట్టే. తీసుకోని కథలు చాలా పత్రికలు తిప్పి పంపవు. కాగితానికి ఒక పక్కే రాయాలి, ఎడమ పక్క రెండు వేళ్ళ జాగా వదలాలి, పేజీ అంకె 3/8 అని వేయాలి, ఊడిపోతే తెలుస్తుంది. కథ మీద పేరుండకూడదు. అనువాదం, అనుసరణ కాదనే హామీపత్రం విడి కాగితం మీద ఉండాలి. కవరు పోస్టాఫీసులో తూయించే అంటించాలి. స్టాంపులు తగ్గితే తగ్గినదానికి రెట్టింపు అందుకునేవాళ్ళే కట్టాలి. ఏ పత్రికాఫీసు కడుతుంది?

తొమ్మిది, పది తరగతుల్లో మిగతా సబ్జెక్టులు ఏం చెప్పారో నాకు తెలీదు. బ్యాంకు ఉద్యోగం వచ్చింది కాబట్టి లెక్కలు కూడా చెప్పే ఉంటారు. రెండు కథల సంపుటాలు వచ్చాయి. ఇప్పుడు పోటీ కథల కట్టలు తొలి వడపోతకి మా ఇంటికి వస్తుంటాయి. చాలావాటికి చివరి పేరా అరచేత్తో మూసి చదివితే ఒక మెట్టు పైకెక్కుతాయి, ఆ మార్కు రాసినవాడికి ఇవ్వాలా వద్దా అన్నది వేరే తగువు.

సమ్మేళనం రోజున ఇప్పటి పిల్లలకి కథల పోటీ పెడతారట. పేజీల లెక్క పెట్టండి, మాటల లెక్క వద్దు. పేర్లు వేరే కవరులో తీసుకోండి. "మన బడి" అని అంశం ఇవ్వకండి, అందరూ ఒకే కథ రాస్తారు. న్యాయనిర్ణేతల్లో బుల్లి హెడ్డు ఉంటే మాత్రం ముందే చెప్పండి, చాక్‌పీసులు నేను తెచ్చుకుంటాను.