నంబర్లు కలిస్తే చాలదు: 1967 కార్వెట్ 327 ఇంజిన్‌ను పరీక్షించడం

షెవ్రొలే స్పోర్ట్స్ కారు కార్వెట్‌లోని 327 (క్యూబిక్ అంగుళాల) ఇంజిన్ "మ్యాచింగ్ నంబర్స్", అంటే ఫ్యాక్టరీలో ఆ కారుకే బిగించినది, అని అమ్మేవాడు అంటే సగం మాటే చెప్పినట్టు. అంకెలు ఎవరైనా కొట్టగలరు. అవి కూర్చున్న ఇనుప ఉపరితలాన్ని ఫ్యాక్టరీలో ఉన్నట్టే మళ్లీ తయారుచేయడమే కష్టం.

ముందు తేలికైన పని. బ్లాక్ (ఇంజిన్ ప్రధాన ఇనుప దిమ్మ) వెనుక, డ్రైవర్ వైపు (అమెరికా కారు కాబట్టి ఎడమ) గేర్‌బాక్స్ బిగించే అంచు మీద పోతపోసిన నంబరు 3892657 ఉండాలి. అదొక్కటే చూసి సంబరపడొద్దు, అదే పోత షెవ్రొలే వారి మరో కారు కమారోలకూ వెళ్లింది. అదే అంచుకు ప్రయాణికుడి వైపున పోత తేదీ ఉంటుంది. 'ఎల్ 14 6' అంటే 1966 డిసెంబర్ 14: ఎ జనవరి, ఎల్ డిసెంబర్, చివరి అంకె సంవత్సరం.

అసలు సంగతంతా ముందువైపు, ప్రయాణికుడి వైపు సిలిండర్ హెడ్‌కు (బ్లాక్ మీద మూతలా కూర్చునే భాగం) ఆనుకుని ఉన్న చిన్న చదునైన గద్దె మీద ఉంది. అక్కడ రెండు ముద్రలుంటాయి. 'వి0103హెచ్‌టి' లాంటిది ఫ్లింట్ ఇంజిన్ ప్లాంటుది: జనవరి 3న బిగించారు, 350 హార్స్‌పవర్ మోడల్. 300 హార్స్‌పవర్, మాన్యువల్ గేర్ అయితే హెచ్‌ఇ. రెండోది సెయింట్ లూయిస్‌లోని కార్ల ఫ్యాక్టరీలో కారుకు అమర్చేటప్పుడు కొట్టింది: 7, తర్వాత కారు నంబరులోని చివరి ఆరు అంకెలు. గ్లవ్‌బాక్స్ కింద రివెట్లతో బిగించిన పలకతో దాన్ని పోల్చాలి. రెండు ఊళ్లలో, వేరువేరు చేతులు కొట్టిన ముద్రలివి. అందుకే లోతు, వరుస ఒకేలా కుదిరాయంటే అనుమానించాలి.

తేదీల వరుస కూడా తప్పకూడదు: పోత, తర్వాత బిగింపు, తర్వాత కారు తయారీ. బిగింపు తేదీ కంటే పోత తేదీ తర్వాతిదైతే ఇక మాట్లాడేదేమీ లేదు.

గద్దెను శుభ్రం చేసేటప్పుడే చాలామంది సాక్ష్యాన్ని చెరిపేస్తారు. ఎమరీ కాగితం, వైర్ బ్రష్ తగలనివ్వొద్దు. బ్రేక్ క్లీనర్, గుడ్డ చాలు. ఆరెంజ్ పెయింట్ ఉంటే పెయింట్ రిమూవర్ జెల్ రాసి, ప్లాస్టిక్ పుల్లతో తీయాలి. ఆపై టార్చ్‌ను దాదాపు అడ్డంగా పట్టి ఫొటోలు తీయండి. క్రాంక్‌కు సమాంతరంగా, ముందునుంచి వెనక్కి సాగే సన్నని గీతలు కనిపించాలి. అవే బ్రోచింగ్ గీతలు, అంటే ఫ్యాక్టరీలో ఆ ముఖాన్ని పళ్ల పనిముట్టుతో తిన్నగా కోసినప్పటివి. వంపు తిరిగిన గీతలుంటే తర్వాత వర్క్‌షాప్‌లో కటర్ తిరిగినట్టు. అద్దంలా నున్నగా ఉంటే అరగదీసినట్టు. గద్దె, హెడ్ కూర్చునే ముఖం రెండూ మొదట ఒకే ఎత్తులో కోసినవి కాబట్టి, గద్దెను మాత్రమే అరగదీస్తే హెడ్ గ్యాస్కెట్ అంచు దగ్గర పల్లం తెలిసిపోతుంది. ఓవర్‌హాల్‌లో డెక్‌ను, అంటే హెడ్ కూర్చునే ఆ ముఖాన్ని, నిజంగా కోయిస్తే పాత ముద్ర పోతుంది. అది నిజాయితీగా జరిగినా సాక్ష్యం దక్కదు. 1967 హెడ్‌లు 3890462 అయి ఉండాలి, వాటి తేదీ వాల్వ్ కవర్ తీస్తే కనిపిస్తుంది.

గద్దె మీద 'సిఇ' అని ఉంటే అది తర్వాతి కాలంలో ఇచ్చిన మార్పిడి ఇంజిన్. కారుతో పుట్టింది కాదు, అలాగని మోసమూ కాదు. ధర మాత్రం అందుకు తగ్గట్టు అడగాలి.