ఇంటిపట్టునే ఉందట

ఊరి నుంచి వచ్చి ఆరు గంటలైంది. బట్టల సంచీ ఇంకా విప్పలేదు. చిన్నది పడుకుంది, ఆయనకు పొద్దున్నే డ్యూటీ. నాకు మాత్రం నిద్ర రావడం లేదు. చిన్నమావయ్య మైకులో అన్న మాట చెవిలో తిరుగుతూనే ఉంది.

అత్త పెద్దకర్మ నిన్న. భోజనాలకు ముందు నాలుగు మాటలు చెప్పమని చిన్నమావయ్యకు మైకు ఇచ్చారు. ఇరవై నిమిషాలు మాట్లాడారు. పెద్దమావయ్య ఏ యూనిట్లో చేరారు, 1971లో ఎక్కడున్నారు, సుబేదారు ఎప్పుడయ్యారు, అన్నీ. ఆఖర్న, "మా వదిన ఇంటిపట్టునే ఉండి పిల్లల్ని పెంచింది" అన్నారు. అంతే. విస్తళ్లు వేసేశారు.

ఇంటిపట్టునా! ఏ ఇల్లు? పఠాన్‌కోట్‌లోదా, ఝాన్సీలోదా, జబల్‌పూర్‌లోదా? మావయ్యకు ఫీల్డ్ పోస్టింగ్ పడితే ఫ్యామిలీని తీసుకెళ్లనివ్వరు. అప్పుడు సొంతూరు మాధవరం వచ్చేసేది. ఫ్యామిలీని తీసుకెళ్లనిచ్చే పీస్ స్టేషన్ వస్తే మళ్లీ మూటాముల్లె సర్దుకుని రైలెక్కేది. చంటిదాన్ని చంకనేసుకుని, బావను చేత్తో పట్టుకుని, భాష తెలియని ఊళ్లో దిగి, మూడో రోజుకల్లా బడిలో చేర్పించేది. బావ పదో తరగతి అయ్యేలోపు ఆరు బళ్లు మారాడు. మావయ్యకు మెడల్స్ వచ్చాయి, సంతోషమే. కానీ ఆ ఆరు బళ్ల టీసీలు ఎవరు తెచ్చారో ఆ మైకులో ఎవరూ అడగలేదు.

మిలిటరీ మాధవరంలో ఇదొక తంతు. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచి పట్టాళానికి మగపిల్లల్ని పంపుతున్న ఊరు. ఎవరు ఎక్కడ పోరాడారో చిన్నపిల్లాడిని అడిగినా చెబుతాడు. వాళ్ల ఆడవాళ్లు ఏం చేశారని అడిగితే "ఏముంది, ఇంట్లో ఉన్నారు" అంటారు.

నిన్న మధ్యాహ్నం వదిన అటక మీద నుంచి నల్ల ట్రంకుపెట్టె దింపింది. మూత మీద తెల్ల పెయింటుతో మావయ్య నంబరు, హోదా, పేరు. సుబేదార్ అన్న అక్షరాల కింద హవల్దార్ అన్నది లీలగా కనబడుతోంది, ఓ మూల పెచ్చు లేచిన చోట నాయక్‌లోని తోక అక్షరం. హోదా మారినప్పుడల్లా పాతది కొట్టేసి కొత్తది రాసేవాళ్లు. ఆ రాతంతా అత్తదే. గుండ్రంగా, కొంచెం ఎడమకు వాలుతూ. నాకు బాగా తెలిసిన చేతిరాత.

ఆ రాత చూడగానే 1999 వేసవి గుర్తొచ్చింది. నాకప్పుడు పదేళ్లు, సెలవులకు మాధవరంలో ఉన్నాను. మే నెలాఖరుకి కార్గిల్ వార్తలు మొదలయ్యాయి. బావ అక్కడే ఉన్నాడు, చిన్నమావయ్యా అక్కడే. కవరు మీద ఎంత వెతికినా 56 ఏపీఓ అని సైన్యం పోస్టాఫీసు నంబరే ఉంటుంది తప్ప ఊరి పేరు ఉండదు. పదకొండింటికి పోస్ట్‌మ్యాన్ వచ్చేవాడు. చదువు అంతంతమాత్రంగా వచ్చిన ఆడవాళ్లు నలుగురైదుగురు అత్త అరుగు మీద చేరేవాళ్లు. అత్త అందరి ఉత్తరాలూ చదివి పెట్టేది. బావ రాసింది వస్తే మడిచి బియ్యం డబ్బా కింద పెట్టి, రాత్రి అందరూ వెళ్లాక విప్పేది.

ఒకరోజు చిన్నత్తకు ఇన్‌లాండ్ కవరు వచ్చింది. నేను అత్త భుజం మీదుగా చూస్తున్నాను. "చంటిదానికి ఓ మంచి గౌను కొను" అని చదివింది అత్త. కాగితం మీద అలా లేదు. "నాకేదైనా అయితే ఇబ్బంది పడకుండా చంటిదాని పేరున పోస్టాఫీసులో ఖాతా తెరువు" అని ఉంది. నేను నోరు తెరవబోతే మోకాలితో నన్ను మెల్లగా నొక్కింది.

రాత్రి పక్క మీద అడిగాను, అబద్ధం ఎందుకు చెప్పావని.

"అది ఆరు నెలల బాలింతరాలే. ఆ మాట చదివితే ఇవాళ్టి నుంచి అన్నం తినదు. వాడొచ్చేస్తే ఆ లైనుతో పనేముంది?" అంది.

"రాకపోతే?"

జవాబు చెప్పలేదు. మర్నాడు చిన్నత్తను తాడేపల్లిగూడెం తీసుకెళ్లింది. గౌను కొన్నారు. "ఎలాగూ వచ్చాం కదా, పిల్ల పేరున ఖాతా తెరుద్దాం" అని అక్కడే తెరిపించి, పాసుబుక్కు తెచ్చి ట్రంకుపెట్టెలో పెట్టింది.

బడులు తెరిచాక నేను హైదరాబాద్ వచ్చేశాను. మన హైదరాబాద్ వాసి మేజర్ పద్మపాణి ఆచార్య జూన్ 28న చనిపోయిన వార్త పేపర్లో చదివి నాన్న మాధవరంలో పక్కింటికి ఫోన్ చేశారు. అత్త వచ్చి, "మావాళ్ల ఉత్తరాలు వచ్చాయిలేరా. ఆ తల్లి ఎలా ఉందో" అందట. బావ ఉత్తరం ఆ వారం రాలేదని తర్వాత తెలిసింది.

ఇదంతా టైపు చేస్తుంటే చిన్నమావయ్య మీద కోపం ఉన్న చోట ఉండడం లేదు. ఆయనకు ఆ గౌను సంగతి తెలియదు. తను రాసిన లైను చదివే ఖాతా తెరిచారనే ఇన్నాళ్లూ అనుకుంటున్నారు. కొండ మీద గుడారంలో పడుకున్న మనిషికి, వదిన ఇంటిపట్టున ఉందన్న మాట ఎంత ధైర్యమో నాకేం తెలుసు? మైకు పట్టుకుని ఆ మాట దగ్గర ఆయన గొంతు కొంచెం పూడుకుపోయింది కూడా. నేను కోపంలో ఉండి అది లెక్కలోకి తీసుకోలేదు.

అయినా ఇంకో రెండు నిమిషాలు మాట్లాడాల్సింది. జబల్‌పూర్‌లో ఆవా, అంటే సైనికుల భార్యల సంక్షేమ సంఘం వాళ్ల దగ్గర కుట్టు నేర్చుకుని, ఊరికొచ్చాక ఎంతమందికి నేర్పిందో చెప్పాల్సింది. మావయ్య పోయాక ఈ పదేళ్లూ ఊళ్లో వితంతువుల పెన్షన్ కాగితాలు చూసిందని చెప్పాల్సింది. పెళ్లైనప్పుడు, ఆ వివరాలు సైన్యం రికార్డులో ఎక్కించే పార్ట్ టూ ఆర్డర్‌లో పెళ్లాం పేరు ముద్దుపేరుతో రాయించిన మగవాళ్లు ఎంతమందో! సైన్యం రికార్డులో లక్ష్మి, ఆధార్‌లో వరలక్ష్మమ్మ, ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక. మొగుడు పోయాక ఆ లక్ష్మీ ఈ వరలక్ష్మమ్మా ఒకరేనని ఆవిడే రుజువు చేసుకోవాలి. అత్త వాళ్లను వెంటబెట్టుకుని నోటరీ దగ్గరికి, జిరాక్స్ షాపుకి తిరిగేది. డెబ్బై దాటాక కూడా, మోకాళ్ల నొప్పులతో.

వచ్చేటప్పుడు వదిన నా చేతిలో ఒక పసుపు ఫైలు పెట్టింది. "దీన్నేం చేయాలో నాకు తెలీదు, నువ్వు చూడు" అంది. ఇప్పుడే తెరిచాను. ముగ్గురి కాగితాలున్నాయి. ఒకదానికి గుండుసూదితో చీటీ గుచ్చి ఉంది. కొంచెం ఎడమకు వాలిన రాత: "అఫిడవిట్ అయింది. ఫొటో ఇంకా ఇవ్వలేదు. నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ గుర్తు చేయాలి."

కింద ఫోన్ నంబరు ఉంది. తెల్లారాక చేస్తాను.