పోయింది అంటే ఎక్కడికి నాన్నా?

శనివారం పొద్దున్నే మావాడు నన్ను తట్టి లేపి "నాన్నా, ఆరెంజ్ తోక వాడు పక్కకి పడుకున్నాడు, లేవట్లేదు" అన్నాడు. వెళ్ళి చూస్తే చేపల ట్యాంక్‌లో ఫిల్టర్ కింద గప్పీ చేప ఒరిగిపోయి ఉంది, మొప్పలు కదలట్లేదు, మిగతా మూడూ నీళ్ళ పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. 60 లీటర్ల ట్యాంక్, నాలుగు మగ గప్పీలు (ఆడవి కూడా తెస్తే నెలకోసారి పిల్లల్ని పెడతాయి, ఆ తలనొప్పి మాకొద్దని), వాటికి బాస్ మా ఏడేళ్ళ వాడు.

ఇంట్లో తెలుగే మాట్లాడాలి అని రూల్ పెట్టింది నేనే కాబట్టి పక్కన కూర్చోబెట్టుకుని మెల్లగా "చచ్చిపోయిందిరా నాన్నా" అన్నాను. వాడు నవ్వాడు. "నువ్వు కూడా రోజూ చచ్చిపోతావు కదా!"

నాకు ఒక్క నిమిషం అర్థం కాలేదు, తర్వాత తల తిరిగింది. ఆఫీస్ పనితో చచ్చిపోతున్నా, మీ అల్లరితో చస్తున్నా, ఈ చలి చంపేస్తోంది, నన్ను చంపకురా వెళ్ళి పడుకో... ఇంట్లో వాడు ఆ మాట వినేది ఇలాగే. తెలుగు ఊళ్ళల్లో పెరిగే పిల్లలకి వీధిలోనో, చుట్టాలింట్లోనో, పెద్దవాళ్ళు గొంతు తగ్గించి మాట్లాడుకునేటప్పుడో ఆ మాట అసలు అర్థంతో కూడా చెవిన పడుతుంది. మావాడి తెలుగంతా నేను, మా ఆవిడ, వీడియో కాల్లో నానమ్మ, అంతే. మేం ఒక మాటని అరగదీసి వాడితే వాడికి అరిగిన మాటే దక్కుతుంది.

సరే నానమ్మ అయితే బాగా చెప్తుందిలే అని ఫోన్ చేశాం. "అయ్యో, పోయిందా పాపం" అంది అమ్మ. వీడు వెంటనే "ఎక్కడికి?" అన్నాడు. ఆవిడకి ఏం చెప్పాలో తోచక ఫోన్ నాన్నకియ్యి అంది. చివరికి నేనే నా రూల్ పక్కన పెట్టి "డెడ్ నాన్నా" అన్నాను. ఒక్క మాట. అప్పుడు ఏడ్చాడు. వాణ్ణి ఎత్తుకుని నిలబడ్డా గానీ, నిజం చెప్పాలంటే నాకు చేప కంటే ఆ మాటే ఎక్కువ బాధగా అనిపించింది.

ఏడుపు ఆగాక రెండో ప్రశ్న. "ఎక్కువ ఫుడ్ వేసి నేను చంపానా?" నిన్న రెండుసార్లు వేశాడంట. రెండు నిమిషాల్లో తినేసేంత వెయ్యాలిరా, మిగిలింది అడుగున కుళ్ళి అమ్మోనియా అవుతుంది అని చెప్తూనే ఉంటా. కానీ అసలు తప్పు నాది, అది వాడికి చెప్పేశాను. మూడు రోజుల ముందు ఫిల్టర్ స్పాంజ్ గోధుమరంగులో జిగటగా ఉందని కుళాయి కింద పెట్టి తెల్లగా వచ్చేదాకా పిండి పిండి కడిగాను, నా చేతికి శుభ్రం అంటే అదే మరి. ఆ జిగటలోనే బతుకుతాయి నైట్రోసోమోనాస్ లాంటి బాక్టీరియా, చేపల వ్యర్థంలోంచి వచ్చే అమ్మోనియాని నైట్రైట్ చేసేవి, ఇంకో రకం ఆ నైట్రైట్‌ని నైట్రేట్ చేస్తాయి, మొదటి రెండూ చేపలకి విషం, మూడోది కొంచెం ఉన్నా ఫర్వాలేదు. కుళాయి నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది, వాటిని చాలావరకు చంపేస్తుంది. అంటే నేను ట్యాంక్‌లో పనివాళ్ళందర్నీ ఒకేసారి తీసేశానన్నమాట.

అమ్మ మళ్ళీ ఫోన్ చేసి తొట్టి ఖాళీ చేసి, సబ్బేసి తోమి, ఎండలో ఆరబెట్టమంది. అదొక్కటీ చెయ్యకూడదు. సబ్బు అసలే తగలకూడదు. చచ్చిన చేపని వెంటనే తీసేశాం, మావాడు టాయిలెట్లో ఫ్లష్ చేద్దామన్నాడు (కార్టూన్లు!), నేను వద్దని పూలకుండీలో లోతుగా పాతిపెట్టా. తర్వాత హీటర్ ప్లగ్ తీసి పావుగంట ఆగాం, వేడి హీటర్ నీళ్ళు తగ్గి గాలికి తగిలితే గాజు పగులుతుంది. సైఫన్ గొట్టం నోటితో లాగకుండా చేత్తో పంపు నొక్కి, గులకరాళ్ళలో గుచ్చుతూ అడుగున ఉన్న మురికితో పాటు మూడో వంతు నీళ్ళు బకెట్‌లోకి తీశాం, ఆ బకెట్ నీళ్ళలోనే స్పాంజ్‌ని రెండుసార్లు మెల్లగా పిండాం. కొత్త నీళ్ళలో డీక్లోరినేటర్ (క్లోరిన్‌ని పోగొట్టే మందు) కలిపి, చెయ్యి పెట్టి చూసి, వేడి ట్యాంక్‌తో సమానం అయ్యాకే పోశాం. నీళ్ళు ఒక రాత్రి నిలవుంచితే చాలంటారు గానీ కొన్నిచోట్ల క్లోరిన్ బదులు క్లోరమైన్ కలుపుతారు, అది అలా పోదు.

రోజూ టెస్ట్ చెయ్యడం మావాడి డ్యూటీ. గాజుగొట్టంలో చుక్కలు వేసి ఊపితే పసుపు వస్తే అమ్మోనియా లేనట్టు, ఆకుపచ్చకి తిరిగితే ఉన్నట్టు. మొదటిరోజు వీడు నానమ్మకి "పచ్చగా ఉంది" అన్నాడు, ఆవిడేమో పసుపు అనుకుని "హమ్మయ్య, బాగుపడిందిరా" అని సంతోషపడింది. పచ్చ అంటే రెండూ అవుతుందని వీడికెప్పుడూ చెప్పలేదు, నాకే గుర్తు లేదు! ఇప్పుడు "ఆకుపచ్చ" అని ఆకు దగ్గర ఆగి మరీ ఒత్తి చెప్తున్నాడు.

పదకొండు రోజులు రెండు రోజులకోసారి కొంచెం కొంచెం నీళ్ళు మార్చాక అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకి వచ్చి ఆగాయి. అప్పుడు కొత్త గప్పీలు మూడు తెచ్చాం కానీ నేరుగా వెయ్యలేదు, ప్లాస్టిక్ టబ్‌లో చిన్న ఫిల్టర్, హీటర్ పెట్టి మూడు వారాలు విడిగా ఉంచాం, తెల్లమచ్చల రోగం లాంటిదేమన్నా ఉంటే అక్కడే బయటపడుతుందని. ఏడేళ్ళ పిల్లాడికి మూడు వారాలు అంటే ఏం చెప్పమంటారు, రోజుకి పదిసార్లు "ఇంకెన్ని?" ఆ మూడు వారాల్లో నేను ఒక్కసారి పొరపాటున "చచ్చాను బాబోయ్, మీటింగ్ మర్చిపోయా" అంటే వాడు పరిగెత్తుకొచ్చి నా మొహం చూసి వెళ్ళాడు.

మొన్న ఆదివారం మూడింటినీ గిన్నెతో ముంచి, గంటసేపు అందులో ట్యాంక్ నీళ్ళు కొద్దికొద్దిగా పోసి, వలతో తీసి వేశాం. ఇప్పుడు ఆరు. ఇవాళ పొద్దున బ్రష్ నోట్లో పెట్టుకుని నిలబడి ఉంటే వాడి గొంతు, "నాన్నా, అయిదే ఉన్నాయి!" నా గుండె జారింది, నురగతోనే పరిగెత్తా. వాడప్పటికే గాజుకి ముక్కు ఆనించి హీటర్ వెనకాలకి చూస్తున్నాడు.

"పోలేదు నాన్నా. ఇక్కడే ఉంది."