బకెట్ నిండటానికి పట్టిన టైం

సోమవారం, రాత్రి 10 దాటింది.

పొద్దున మా మిషన్ వర్క్‌షాపు షట్టర్ ఎత్తగానే కుళ్లిన గుడ్ల వాసన గుప్పున కొట్టింది. ఎండాకాలంలో ఆదివారం సెలవిచ్చి వచ్చిన ప్రతి సోమవారం ఇదే వాసన. మిషన్‌లో జారే భాగాలకు, అంటే స్లైడ్‌లకు వేసే ఆయిల్ కొంచెం కొంచెంగా కారి కూలెంట్ ట్యాంకులో మీగడలా తేలుతుంది. కూలెంట్ అంటే కోత దగ్గర వేడి తగ్గించడానికి కొట్టే, వేరే రకం ఆయిల్ కలిపిన నీళ్లు. పంపు నడుస్తున్నంతసేపు నీళ్లు కదిలి గాలి కలుస్తుంది కాబట్టి పర్వాలేదు. ఒక రోజు ఆపితే మాత్రం ఆ ఆయిల్ మూత పెట్టినట్టు పరుచుకుంటుంది. గాలి అందని నీళ్లలో బతికే బ్యాక్టీరియా పెరిగి ఈ వాసన తెస్తుంది. వాసనతో ఆగదు, పీహెచ్ పడిపోతుంది, జాబులకు, అంటే మేం తయారు చేసే ముక్కలకు, తుప్పు పడుతుంది, ఆపరేటర్ల వేళ్ల మధ్య దురద మొదలవుతుంది. మా హెల్పర్‌కి, నేను తమ్ముడని పిలిచే కుర్రాడికి, పోయిన ఎండాకాలం చేతులు పగిలి రెండు వారాలు మిషన్ ముట్టుకోలేకపోయాడు. అప్పటి నుంచి ఈ వాసన వస్తే నాకు టెన్షన్.

అందుకే ఇవాళ పొద్దంతా నా ధ్యాస వాసన మీదే ఉండిపోయింది. అసలు తప్పు వేరే చోట ఉంది.

పెద్దపల్లి వైపు రైస్‌మిల్లుకు బేరింగ్ బ్లాకులు 40 ఇవ్వాలి, సాయంత్రానికి బండి వస్తుంది. ఈఎన్ 8 రకం స్టీలు, 10 ఎంఎం డ్రిల్లు, 45 ఎంఎం లోతు. జీ 83 అనే కోడ్‌తో డ్రిల్లు ఆగి ఆగి దిగే సైకిలే పెట్టాను. మొదటి జాబులోనే చిప్స్, అంటే తెగిపడే స్టీలు పొట్టు, వేడికి నీలంగా వచ్చాయి. రెండో జాబులో మూడో రంధ్రం దగ్గర డ్రిల్లు కీచుమని అరిచి లోపలే విరిగింది.

"అన్నా, కూలెంట్ సన్నగ వస్తుంది చూడు," అన్నాడు తమ్ముడు.

నిజమే. రెండు నాజిళ్ల నుంచీ ధార పడుతోంది గానీ డ్రిల్లు దాకా కొట్టడం లేదు, వంగి టేబుల్ మీద పడుతోంది. స్క్రీన్ మీద ఎం 08 ఆన్ అనే ఉంది, ఒక్క అలారం లేదు. ఈ సంగతి కొత్తగా వచ్చిన పిల్లలకు ప్రతిసారీ చెబుతాను. ఎం 08 అంటే మిషన్ కంట్రోలు పంపును ఆన్ చెయ్యమని రిలే స్విచ్‌కు చెప్పింది, అంతే. నీళ్లు డ్రిల్లు మీద పడ్డాయా లేదా మా వీఎంసీకి, అంటే కంప్యూటర్‌తో నడిచే ఈ మిల్లింగ్ మిషన్‌కి, తెలియదు. ట్యాంకులో లెవెల్ తగ్గితే ఫ్లోట్ స్విచ్ చెబుతుంది, మోటారు ఎక్కువ కరెంటు లాగితే ఓవర్‌లోడ్ ట్రిప్ అవుతుంది. ధార సన్నబడితే చెప్పే సెన్సార్ దీనికి లేదు. మనిషే చూడాలి.

నాజిళ్లు విప్పి గాలి కొట్టాం. చిన్న చిన్న చిప్స్ రాలాయి, ధార మారలేదు. తర్వాత ట్యాంకు బయటికి లాగి వడపోత మెష్ తీశాం. అడుగున నల్లటి మడ్డి అర బకెట్ వచ్చింది. అంత మడ్డి చూసి దొరికిందనే అనుకున్నాను. మళ్లీ పెట్టి నడిపితే పిసరంత తేడా. అప్పటికి 12 దాటింది, రేకుల కింద గాలి లేదు, సేటు రెండుసార్లు వచ్చి మాట్లాడకుండా చూసి పోయాడు. ఆయన తిట్టినా బాగుండేది.

పచ్చిపులుసు అన్నం తింటూ ఆలోచించాను. పైపులో అడ్డమా, పంపులోనే బలం లేదా? ముందు ఈ రెండింటినీ విడదీయాలి. చెయ్యి కడుక్కుని వచ్చి పంపు మూతి దగ్గరే పైపు ఊడదీసి, పొట్టి హోస్ తగిలించి 20 లీటర్ల బకెట్‌లో పెట్టాం. తమ్ముడు సెల్‌లో టైం చూశాడు. పంపు ప్లేటు మీద నిమిషానికి 40 లీటర్లని ఉంది, అంటే అర నిమిషంలో నిండాలి. నిండటానికి నిమిషం 50 సెకన్లు పట్టింది. పైపుల పాపం లేదని తేలిపోయింది. ఈ పని పొద్దున 9కే చేసుండాల్సింది.

ఈ పంపు మోటారు పోయిన వారం కాలిపోతే రీవైండింగ్‌కు ఇచ్చాం. శనివారం సాయంత్రం వచ్చింది, నేనే బిగించాను. విప్పేటప్పుడు వైర్లకు రంగు టేపులు చుట్టి గుర్తు పెట్టుకున్నాను, కలిపేటప్పుడు అదే వరుసలో కలిపాను. నీళ్లు వచ్చాయి, ఇంటికి పోయాను. కానీ కొత్తగా చుట్టిన వైండింగ్‌లో చివర్లు పాత వరుసలోనే బయటికి వస్తాయని ఏముంది? వరుస మారితే నా టేపులు ఎంత సరిగ్గా ఉన్నా త్రీఫేజ్ మోటారు ఉల్టా తిరుగుతుంది. ఉల్టా తిరిగినా ఈ రకం పంపు నీళ్లు పూర్తిగా ఆపదు. లోపల తిరిగే చక్రం, ఇంపెల్లర్, ఎటు తిరిగినా నీళ్లను అంచులకు విసురుతుంది కాబట్టి ఎంతో కొంత వస్తుంది, ప్రెషరే ఉండదు. అస్సలు రాకపోతే శనివారమే పట్టుకునేవాణ్ని. వచ్చీ రానట్టు వచ్చింది కాబట్టే ఒక డ్రిల్లు, రెండు జాబులు, సగం రోజు పోయాయి.

మోటారు ఫ్యాన్ కవర్ మీద బాణం గుర్తు ఉండాలి. కొత్తగా పెయింట్ కొట్టి ఇచ్చారు కదా, గుర్తు దాని కింద పడిపోయింది. బ్లేడుతో మెల్లగా గీకితే బాణం బయటపడింది. పంపు ఆన్ చేసి, దాన్ని ఆపే ఎం 09 కొట్టి, ఆగిపోయే ముందు ఫ్యాన్ నెమ్మదించే ఆ రెండు క్షణాలు కవర్ సందుల్లోంచి చూశాను. వేగంగా ఉన్నప్పుడు ఎటు తిరుగుతుందో కంటికి తెలియదు, ఆగేటప్పుడే తెలుస్తుంది. బాణం ఒక వైపు, ఫ్యాన్ ఇంకో వైపు!

మెయిన్ ఆఫ్ చేసి, టెస్టర్ పెట్టి చూసుకుని, మూడింట్లో ఏవో రెండు వైర్లు అటూ ఇటూ మార్చాను. అయిదు నిమిషాల పని. బకెట్ 32 సెకన్లలో నిండింది. తమ్ముడు సెల్ చూపిస్తూ నవ్విన నవ్వు ఇప్పటికీ కళ్ల ముందు ఉంది.

తర్వాత కూలెంట్ కూడా చూశాను, వదల్లేదు. కూలెంట్‌లో ఆయిల్ ఎంతుందో చూసే రిఫ్రాక్టోమీటర్ మీద 3 చూపింది. ఈ కూలెంట్ ఆయిల్ ఫ్యాక్టర్ 1.6, రీడింగ్‌ను దానితో గుణిస్తే 4.8 శాతం. నాకు 6.5 కావాలి. ఎండకు ఆవిరయ్యేది నీళ్లే కాబట్టి చిక్కబడాలి కదా, పలచన ఎందుకైందని అడిగితే, లెవెల్ తగ్గినప్పుడల్లా బోరు నీళ్లు పోస్తున్నానని తమ్ముడు చెప్పాడు. వాడి తప్పు కాదు, వాడికెవరూ చెప్పలేదు. మా మడికొండ బోరు నీళ్లు అసలే గట్టివి. నీళ్లు ఆవిరైపోతాయి, వాటిలోని కాల్షియం మాత్రం ట్యాంకులోనే పేరుకుని కూలెంట్ ఆయిల్‌ను నీళ్లలో కలవనివ్వదు, జిగురులా గోడలకు పట్టిస్తుంది. పైన తేలిన ఆయిల్ తోడేసి, ట్యాంకులో మిగిలిన 170 లీటర్లకు ఇంకో 30 లీటర్ల కొత్త కూలెంట్ కలిపాం. లెక్క వేస్తే ఆ 30లో దాదాపు 5 లీటర్లు కూలెంట్ ఆయిలే ఉండాలి. నీళ్లలో ఆయిల్ పోస్తూ కలపాలి తమ్మీ, ఆయిల్‌లో నీళ్లు పోస్తే విరిగిపోతుందని వాడి చేతే కలిపించాను. ఈ విడతకు క్యాన్ నీళ్లు తెప్పించాం.

బండి 7 గంటలకు వచ్చింది. 40కి 31 పంపాం, మిగిలినవి రేపు మధ్యాహ్నానికి. సేటు అవతలి వాళ్లతో ఫోన్‌లో మాట్లాడి ఒప్పించాడు, నన్ను ఒక్క మాట అనలేదు.

వచ్చేటప్పుడు హన్మకొండలో ఆగి చేపల తొట్టికి వాడే చిన్న గాలి పంపు కొన్నాను. ఆదివారాలు ట్యాంకులో బుడగలు వదిలితే వాసన తగ్గుతుంది. రేపు మిగిలిన రెండు మిషన్ల పంపుల మీద కూడా పసుపు పెయింట్‌తో బాణాలు గీయాలి, బకెట్ పెట్టి వాటి టైం కూడా గోడ మీద రాయాలి.